మిఠాయి డబ్బాలో పానా

సూదిలో దారం ఎక్కించడానికి స్టేషన్ రైటర్ కళ్ళజోడు పెట్టుకోలేదు, ఉన్నది తీసి జేబులో వేసుకున్నాడు. దారం కొసను నాలుకతో తడిపి, సూదిని ఆకాశానికెత్తి చూసి, ఒక్క పోటులో ఎక్కించేశాడు. వేపచెట్టు నీడ. ముందు పరిచిన తెల్లగుడ్డ. దాని మీద అరకిలో మిఠాయి డబ్బా. డబ్బా అడుగున పొడిచిన రంధ్రాల్లోంచి పురికొస పోనిచ్చి కదలకుండా కట్టిన పానా. పద్దెనిమిది-పంతొమ్మిది నంబర్ల రెండు మూతుల పానా, ఒళ్ళంతా ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ జిడ్డు.

డబ్బా ఆలోచన రైటర్‌ది కాదు. ఆయన పానాను కాగితంలో చుట్టి గుడ్డలో కుట్టెయ్యబోతుంటే, పక్కనున్న ఫోరెన్సిక్ సైన్స్ ఎమ్మెస్సీ అమ్మాయి వద్దంది. "కాగితానికి రాసుకుంటే ముద్రలేమన్నా ఉంటే చెరిగిపోతయి సార్. దేనికీ ఆనకుండా కట్టాలె." రైటర్ ఆమె వంక ఒకసారి చూశాడు. జీపులో ఎవరింట్లోనో పుట్టువెంట్రుకల ఫంక్షన్ నుంచి వచ్చిన లడ్డూ డబ్బా ఉంది. హోంగార్డు చేత తెప్పించి, లడ్డూలు సాక్షులుగా వచ్చిన పంచులకీ రైతుకీ మాకూ తలొకటి పెట్టి, డబ్బా దులిపి ఆమె చేతికిచ్చాడు. "కట్టు మరి, చూద్దాం."

ఆమె కట్టింది. ఆయన కుట్టాడు. అందమైన కుట్టేమీ కాదు. అంగుళానికి రెండు పోట్లు, పోటు పోటుకీ దారాన్ని చూపుడువేలికి చుట్టి గుంజి బిగించడం. "లూజుంటే కోర్టుల మనల్నే లూజంటరు బిడ్డా" అంటూ కొస ఆమెకిచ్చి పట్టుకోమన్నాడు. మూలమూలకీ ముడి, ముడిముడికీ లక్క. కొవ్వొత్తి గాలికి ఆరిపోతుంటే లా చదివే కుర్రాడు తన ఫైలు అడ్డంపెట్టి నిలబడ్డాడు. లక్క కడ్డీ ఎర్రగా కరిగి ముడి మీద చుక్కలుగా పడుతుంది. గట్టిపడేలోగా ఇత్తడి సీలు నొక్కాలి. నొక్కేముందు సీలు మొహాన్ని తడివేలితో తుడవాలి, లేకపోతే లక్క మొత్తం సీలుకే అంటుకుని ఊడొస్తుంది. అమ్మాయి వేసిన మొదటి సీలు అలాగే ఊడొచ్చింది. రెండోది వంకరగా పడింది. "అక్షరాలు చదవొస్తున్నయి, చాలు" అన్నాడు. అదే సీలు పంచనామా కాగితం మూల కూడా ఒకటి పడింది, నమూనాగా. మూట మీదున్నదీ కాగితం మీదున్నదీ ఒకటేనా అని అందుకునే ల్యాబు వాళ్ళు ముందు పోల్చి చూస్తారు. తేడా ఉంటే లోపల పానా ఉన్నా గడ్డపార ఉన్నా ఒకటే.

ఇదంతా స్టేషన్‌లో ఫ్యాను కింద కూర్చుని చేసుకోవచ్చు కదా అని నేనే అడిగాను.

"చేసుకోవచ్చు సార్. చాలామంది చేస్తరు. ఇక్కడ్నుంచి స్టేషన్ దాక ఆ పానా ఎట్ల వచ్చింది, ఎవరి చేతుల వచ్చింది అని వకీలు అడిగిననాడు తెలుస్తది. అప్పుడు బోనుల నిలబడి పట్టే చెమట కన్నా ఇప్పుడీ చెమట నయం."

మా ఎడిటర్ నన్ను పంపింది దీనికోసం కాదు. 'క్యాంపస్ నుంచి క్రైమ్ సీన్‌కి' అని శీర్షిక ఆయనే పెట్టేసి, దానికింద ఇమిడేలా ఏదైనా రాయమన్నాడు. కాలేజీ పిల్లలు, పక్కన ఖాకీ, వెనకాల నీలిరంగు బోర్డు, అందరూ బొటనవేళ్ళు ఎత్తిన ఫొటో ఒకటి. కేంద్ర ప్రభుత్వం మై భారత్ పోర్టల్ ద్వారా నడిపే స్టూడెంట్ పోలీస్ ఎక్స్‌పీరియెన్షియల్ లెర్నింగ్ అనే కార్యక్రమం ఒకటుంది. డిగ్రీ, పీజీ విద్యార్థులు నెల రోజుల్లో 120 గంటలు ఒక పోలీస్ స్టేషన్‌లో గడుపుతారు. దర్యాప్తు, ట్రాఫిక్, శాంతిభద్రతలు, సైబర్ నేరాలు అన్నీ దగ్గరుండి చూస్తారు. చివర సర్టిఫికెట్. కాగితం మీద ఎవరికీ అభ్యంతరం ఉండాల్సిన పని లేదు. నేను వెళ్ళింది ఉత్తర తెలంగాణలో ఒక జిల్లా కేంద్రం శివారు స్టేషన్‌కి. పేరు రాయనని మాటిచ్చాకే కుర్చీ వేశారు.

నలుగురు విద్యార్థులు వచ్చారక్కడికి. ఇద్దరు రిసెప్షన్ పక్కన కంప్యూటర్ ముందు పోయిన ఫోన్ల వివరాలు ఎక్కిస్తున్నారు. ఇది నిజంగా పనికొచ్చే పనే, తీసిపారెయ్యను. ఐఎంఈఐ నంబరు సీఈఐఆర్ పోర్టల్‌లో నమోదు చేస్తే ఆ ఫోను దేశంలో ఏ నెట్‌వర్క్ మీదా పనిచేయకుండా ఆగిపోతుంది. దొరికినవాడు కొత్త సిమ్ వేసినప్పుడు ఆ జాడ స్టేషన్‌కి చేరుతుంది. నెలల తరబడి పెండింగ్‌లో ఉన్న పిటిషన్లు ఆ ఇద్దరు కుర్రాళ్ళ చేతుల మీదుగా గబగబా కదులుతున్నాయి. కానీ రెండో రోజు మధ్యాహ్నానికి ఆ పనిలో నేర్చుకునేదంతా అయిపోయింది. మిగిలిన రోజులు వాళ్ళు జీతం లేని డేటా ఎంట్రీ ఆపరేటర్లు. మధ్యమధ్య మాదకద్రవ్యాల వ్యతిరేక ర్యాలీకి బ్యానర్ పట్టుకోవడం, వీఐపీ వస్తే తాడు పట్టుకోవడం. ఒక కుర్రాడు నాతో అన్నాడు, "అన్నా, ఇన్ని రోజుల్లో నేను చూసిన క్రైమ్ ఏందంటే నా బైక్ మీది హెల్మెట్ పోవుడే." స్టేషన్ ఆవరణలోనే పోయిందట. కంప్లైంట్ ఇచ్చావా అంటే నవ్వాడు.

ఎస్‌ఐ మంచివాడే. తీరిక లేనివాడు. "ఏం చూపించాలె సార్ వీళ్ళకి? కేస్ డైరీ చూపించొద్దు. ఆడపిల్లల కేసులు చూపించొద్దు. మైనర్ల కేసులు చూపించొద్దు. లాకప్ దగ్గరికి పోనియ్యొద్దు. రెయిడ్‌కు తీసుకపోతే దెబ్బ తగిలితే నా మెడకు. ఇంకేం మిగిలింది?" ఆయన చెప్పిన నిషేధాల్లో చాలావాటికి చట్టంలో ఆధారం ఉంది, తప్పు పట్టలేం. చూపించొద్దన్నవన్నీ తీసేస్తే మిగిలేది బ్యానరూ తాడూ అనుకున్నాడే, చిక్కంతా అక్కడుంది.

ఆ రోజు పొద్దున్నే వచ్చిన రైతు వల్ల మూడోది ఒకటి మిగిలింది.

ఆయన గొంతు వరండాలోంచే వినపడింది. "ఇది మూడోసారి సారూ. మూడోసారి. రెండుసార్లకి ఒక్కన్ని పట్టలేదు." మూడు బోరుబావులకి కలిపి ఒక ట్రాన్స్‌ఫార్మర్. దాన్ని గద్దె మీద నుంచి పడదోసి, ఆయిలంతా పారబోసి, లోపలి రాగి చుట్ట ఎత్తుకుపోయారు. వరి పొట్టకొచ్చింది. కొత్తది బిగించాలంటే కరెంటోళ్ళకి ఎఫ్‌ఐఆర్ నకలు కావాలి. ఆయన తిట్టింది దొంగని కాదు. దొంగ ఎవరో తెలియదు కాబట్టి ఎదురుగా ఉన్నవాళ్ళని తిట్టాడు. నాకది న్యాయంగానే అనిపించింది.

రాయడం రాదన్నాడు. దరఖాస్తు రాయమని రైటర్ ఆ అమ్మాయికి తెల్లకాగితం ఇచ్చాడు. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియం. తెలుగు చదువుతుంది గానీ రాయడం ఏనాడో ఆగిపోయింది. అయినా వెనకాడలేదు. రైతు చెబుతుంటే విని, కాసేపు ఆలోచించి, ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసింది. గుర్తుతెలియని దుండగులు అర్ధరాత్రి సమయంలో ట్రాన్స్‌ఫార్మర్‌ను ధ్వంసం చేసి లక్షల విలువ చేసే రాగి తీగను అపహరించుకుపోయారు.

ఆ వాక్యం మాది, పత్రికల వాళ్ళది. ముప్ఫై ఏళ్ళుగా మేం రాసి రాసి జనం తలల్లోకి ఎక్కించింది. చూసీ చూడగానే గుర్తుపట్టాను.

రైటర్ చదివి కాగితం పక్కన పెట్టాడు. కోప్పడలేదు. రైతు వైపు తిరిగి అడిగాడు.

"పెద్దాయనా, రాత్రి ఎన్నింటికి ఇంటికి పోయినవు?"

"పదింటికి నీళ్ళు మలిపి పోయిన."

"మల్ల ఎప్పుడొచ్చినవు?"

"అయిదింటికి. స్టార్టర్ ఒత్తితే మోటర్ ఎత్తుకోలే. ఏందని గట్టెక్కి చూస్తే గద్దె మీద లేదు."

"దుండగులు అంటే ఎందరు? చూసినవా?"

"నేనేడ చూస్తా సారూ."

ఆయన అమ్మాయి వైపు తిరిగాడు. "అర్ధరాత్రి అని ఆయన చెప్పలే, నువ్వు చెప్పినవు. పదింటి నుంచి అయిదింటి దాక ఏడు గంటలున్నయి. ఆ ఏడింటినీ నువ్వు ఒక్కదాన్ని చేసినవు. రేపు మనకు ఎవడన్న దొరికిండనుకో. వాడు తెల్లారి నాలుగింటికి ఆ తొవ్వల కెమెరాల పడ్డడనుకో. వాని వకీలు ఈ కాగితం తీస్తడు. అర్ధరాత్రి పన్నెండింటికి అయిన దొంగతనానికి నాలుగింటి బొమ్మ ఎట్ల పనికొస్తదయ్యా అంటడు. అంతే."

ఆమె రెండో కాగితం తీసుకుంది. ఈసారి రైతు ఎలా చెప్పాడో అలాగే, స్టార్టర్ ఒత్తడం దగ్గర్నుంచి రాసింది. లక్షల విలువ పోయింది, దుండగులు పోయారు. రాసింది సగం పేజీ కూడా రాలేదు. రైటర్ రైతుకి చదివి వినిపించి వేలిముద్ర వేయించాడు. తర్వాత ఆ కుర్రాళ్ళలో ఒకడు దాన్ని కంప్యూటర్‌లో కొట్టి పెట్టాడు.

పొలం దగ్గర ఇదే పాఠం ఇంకో రూపంలో జరిగింది. పిల్లలు ముందు చేసినవి వాళ్ళకి వచ్చినవి. అమ్మాయి అక్కడ పడి ఉన్న పానా పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీసింది, దూరం నుంచి, మధ్య నుంచి, దగ్గర నుంచి, పుస్తకంలో ఉన్న క్రమంలో. లా కుర్రాడు ఈ-సాక్ష్య యాప్ తెరిచి వీడియో తీశాడు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ కింద సోదా, స్వాధీనం వీడియో తీయడం తప్పనిసరి. రైటర్‌కి ఆ యాప్ అంటే చిరాకు, సిగ్నల్ లేని చోట ఇంకా చిరాకు. ఫైలుకి హ్యాష్ విలువ అంటే ఏమిటో, తర్వాత ఎవరైనా ఒక్క ఫ్రేము మార్చినా అది ఎలా పట్టిస్తుందో కుర్రాడు ఆయనకి గట్టు మీద కూర్చుని చెప్పాడు. ఆయన శ్రద్ధగా విని, "అంటే ఇది కంప్యూటర్ లక్క అన్నట్టు" అన్నాడు. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

ఆ తర్వాత వాళ్ళిద్దర్నీ నిలబెట్టి, చూసింది చెప్పమన్నాడు. చెప్పారు. ట్రాన్స్‌ఫార్మర్ పడి ఉంది, మూత తెరిచి ఉంది, ఆయిల్ పారి ఉంది, బీడీ ముక్కలు రెండు, చెప్పుల అచ్చులు మసకగా.

"పైన?"

పైన తీగలు. స్తంభం. ఇంకేం లేదన్నారు.

"ఏబీ స్విచ్ ఎట్లున్నది?"

ఇద్దరూ తలెత్తారు. స్తంభానికి ఉన్న స్విచ్ హ్యాండిల్ కిందికి దించి ఉంది. అంటే పై నుంచి వచ్చే పదకొండు వేల వోల్టుల సరఫరా ట్రాన్స్‌ఫార్మర్‌కి అందకుండా ఎవరో ఆపారు.

"నువ్వు దించినవా?" రైతుని అడిగాడు. "ముట్టనే లేదు సారూ, నాకు భయం." "లైన్‌మన్ వచ్చిండా?" "ఇంక రాలే."

తెలంగాణలో వ్యవసాయానికి 2018 నుంచి 24 గంటల కరెంటు. రాత్రిపూట కరెంటు పోయే వేళ చూసుకుని చేశాడనడానికి లేదు. స్విచ్ ఎక్కడుందో తెలిసి, దాన్ని దించడం వచ్చి, కట్టర్‌తో నరకకుండా పానాతో బోల్టులు విప్పినవాడు. అంతవరకే ఆ స్తంభం చెప్పింది. రైటర్ అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. ఎవరో లైన్ పని తెలిసినవాడే అయ్యుంటాడని కుర్రాడు తొందరపడితే, "అది కేస్ డైరీల రాసుకుందాం. పంచనామాల హ్యాండిల్ కిందికి ఉన్నది అని రాయి, చాలు" అన్నాడు. చూసింది ఒక కాగితం మీద, అనుకున్నది ఇంకో కాగితం మీద. ఇంత చిన్న సంగతి చెప్పడానికి క్రిమినాలజీలో ఒక సెమిస్టర్ పెట్టినా చెప్పలేరనిపించింది నాకు. అక్కడ పది నిమిషాల్లో అయిపోయింది.

మరో గొడవ పంచుల దగ్గర వచ్చింది. పొద్దున లడ్డూ తిన్న ఇద్దరు పంచుల్లో ఒకాయన సంతకం వేళకి పనుందని జారుకున్నాడు. కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారు? ఎస్‌ఐ అప్పటికే ఫోన్ మీద ఫోన్ వచ్చి జీపెక్కుతూ, "ఈ పిల్లలున్నరు గదా, వాళ్ళతో పెట్టించేయ్" అన్నాడు. కుర్రాడు ఉత్సాహంగా పెన్ను తీశాడు కూడా.

"వద్దు సార్" అన్నాడు రైటర్. ఎస్‌ఐకి ఎదురు చెప్పడం ఆయనకి అలవాటున్నట్టు లేదు, గొంతు సర్దుకుని మళ్ళీ అన్నాడు. "ఈళ్ళు మన స్టేషన్ల పనిచేస్తున్నోళ్ళు. మనోళ్ళే అంటరు. ఇంకోటి, ఈ కేసు ట్రయల్‌కు వచ్చేసరికి ఈ పిల్లగాడు యాడుంటడు? అమెరికాల ఉంటడు. సమన్లు ఎవరికి ఇయ్యాలె?" ఎస్‌ఐ నవ్వేసి సరే అన్నాడు. పక్క పొలంలో కలుపు తీస్తున్న ఆవిడ భర్తని బతిమాలి తీసుకొచ్చారు.

కుర్రాడికి మాత్రం చిన్నబుచ్చుకున్నట్టయింది. తిరిగొచ్చే దారిలో నాకు పులుకూరి కోటయ్య కేసు చెప్పాడు. దేశంలో ఏ లా కాలేజీలో సాక్ష్య చట్టం చదివినా ఈ తెలుగు పేరు పలక్కుండా పరీక్ష గట్టెక్కలేరు. 1947 నాటి రిపోర్టుల్లో అచ్చయిన ప్రివీ కౌన్సిల్ తీర్పు. నిందితుడు ఆయుధం ఎక్కడుందో చెప్పి, పోలీసులు వెళ్ళి గడ్డివామిలోంచి బల్లెం తీస్తే, ఆ మాటల్లో ఎంతవరకు సాక్ష్యం, ఎంత కాదు అన్నది అక్కడ తేలింది. కుర్రాడు అంతా అప్పజెప్పాడు. రైటర్‌కి కోటయ్య ఎవరో తెలియదు. విషయం తెలుసు. "దొరికింది రాయాలె. వాడు చంపిన అన్నది కోర్టుకు పనికిరాదు. గంతే గదా?" అంతే. కుర్రాడు చెప్పడం మరిచిన సగం కూడా ఒకటుంది. ఆ కేసు లండన్ దాకా పోవడానికి గడ్డివాము ఒక్కటే కారణం కాదు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ సాక్షుల మాటలు రాసుకున్న నోటుపుస్తకం ముద్దాయిలకి సకాలంలో అందలేదన్న వాదన కూడా ఉంది. అప్పుడూ గొడవ కాగితం దగ్గరే.

ఇక్కడ నా చిరాకు చెప్పుకోవాలి. దర్యాప్తు అంటే మనకి కెమెరా, డీఎన్‌ఏ, కాల్ డేటా. పిల్లలు వాటిమీద మోజుతోనే వస్తున్నారు, వాళ్ళ తప్పేం లేదు. సినిమాలూ వెబ్ సిరీసులూ, చివరికి ప్రభుత్వ ప్రకటనలూ చూపేది వాటినే. కానీ వాటన్నిటినీ కోర్టుదాకా మోసుకెళ్ళేది ఒక కాగితం, ఆ కాగితం రాసే చెయ్యి. ఈ రైటర్ వచ్చే ఏడు రిటైరవుతాడు. ఆయన తర్వాత కూర్చోబోయే కానిస్టేబుల్ బీటెక్ చదివాడు, చురుకైనవాడు, కంప్యూటర్‌లో అందరికన్నా వేగం. పాత పంచనామా ఫైలు తెరిచి, పేర్లూ తేదీలూ మార్చి కొత్తది తయారు చేస్తాడు. ఎందుకు చెయ్యడు, రోజుకి అన్ని రాయాలి. రైటర్ చెప్పిన ఒక కేసులో ఇంటి దొంగతనం పంచనామాలో తూర్పున బావి ఉందని ఉంది. ఆ ఇంటికి బావి లేదు. అంతకు ముందు కేసు తాలూకు బావి మిగిలిపోయింది. వకీలు బోనులో ఉన్న దర్యాప్తు అధికారిని, అయ్యా ఆ బావి ఎక్కడుంది అని మాత్రమే అడిగి కూర్చున్నాడట. దొంగసొత్తు దొరికిన కేసు అది. కొట్టేశారు.

దీన్ని చేతకానితనం అని తిట్టడం తేలిక. నేర్పేవాడు లేకపోవడం అంటాను నేను. ట్రైనింగ్‌లో సెక్షన్లు చెబుతారు, పరేడ్ చేయిస్తారు. ఒక గదిలోకి వెళ్ళి గుమ్మం నుంచి కుడిచేతి వాటంగా తిరిగొస్తూ కనిపించిందల్లా రాయడం, తలెత్తి పైన చూడడం, లేనిదాన్ని రాయకపోవడం స్టేషన్‌లో పాతవాడి పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిందే. ఆ పక్కన కూర్చునే తీరిక ఇవాళ కానిస్టేబుల్‌కి లేదు. ఉన్నది ఎవరికంటే ఈ నలుగురు విద్యార్థులకే. వాళ్ళని తీసుకెళ్ళి తాడు పట్టుకోమంటున్నాం.

విద్యార్థి పోలీసుకి పనికొచ్చిన కథ మన దేశంలో కొత్తది కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర బెంగాల్ పోలీస్ అధిపతి ఎడ్వర్డ్ హెన్రీ వేలిముద్రల్ని వర్గీకరించే పద్ధతి కోసం తంటాలు పడుతూ, లెక్కల్లో గట్టి కుర్రాణ్ణి పంపమని కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీ ప్రిన్సిపాల్‌ని అడిగాడు. వచ్చినవాడు అజీజుల్ హక్. సబ్ ఇన్‌స్పెక్టర్‌గా చేర్చుకున్నారు. ముద్రల కాగితాల్ని 32 వరసలు, 32 నిలువుల్లో, అంటే 1,024 అరల్లో పంచి, కావాల్సింది క్షణాల్లో తీసే లెక్క అతను కట్టాడు. హేమచంద్ర బోస్ అనే మరో సబ్ ఇన్‌స్పెక్టర్ కూడా అందులో పనిచేశాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. ప్రపంచమంతా ఆ పద్ధతిని హెన్రీ పద్ధతి అంటుంది. పేరు ఎవరికి పోయిందన్న గొడవ అలా ఉంచితే, ఆ లెక్కల కుర్రాడికి చూపించిందేమిటన్నది నాకు ముఖ్యం. గుట్టలుగా పడి ఉన్న కాగితాల ముందు కూర్చోబెట్టారు.

అమెరికాలో కూడా ఇప్పుడు జరుగుతున్నది అదే. మిషిగన్ రాష్ట్ర పోలీసులు తేలని పాత హత్య కేసుల్ని వెస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీ విద్యార్థుల ముందు పెట్టారు. 1987 నాటి ఒక హత్య కేసు వేలాది పేజీల్ని వాళ్ళు స్కాన్ చేసి, వరస పేర్చి, దర్యాప్తు అధికారులకి అందించారు. 2022లో అందులో అరెస్టు జరిగింది. మన పిల్లలు గుంపులుగా చదువుకోవడానికి వెళ్ళే ఆర్లింగ్టన్‌లో, టెక్సస్ యూనివర్సిటీ క్రిమినాలజీ విద్యార్థులు ఊరి పోలీసులతో కలిసి 1991 నాటి కేసు ఫైలు మొదట్నుంచీ చదివారు. 2025లో ఆ కేసులోనూ ఒక అరెస్టు జరిగింది. ఆ పిల్లలు ఎవరినీ వెంటాడలేదు. చదివారు. 

మన దగ్గర చట్టం ఒప్పుకోదంటారు. నడుస్తున్న కేసు డైరీ విషయంలో నిజమే. కానీ ప్రతి స్టేషన్ బీరువాలో దొరకలేదని మూసేసిన దొంగతనం కేసులు కట్టలుగా ఉన్నాయి. ఆడవాళ్ళ కేసులూ పిల్లల కేసులూ పక్కన పెట్టి, పేర్లు కొట్టేసి, తలా ఒక ఫైలు ఇవ్వొచ్చు. ఇంకా మేలైనది, కొట్టేసిన కేసుల తీర్పులు. అవి బహిరంగ పత్రాలు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఏ పంచనామాలో ఏ బావి మిగిలిపోయిందో ఒక్కో విద్యార్థి పది తీర్పులు చదివి రాసిపెడితే, 120 గంటలకి న్యాయం జరుగుతుంది, స్టేషన్‌కి కూడా మేలు. ఎస్‌ఐతో ఈ మాటే అన్నాను. ఆలోచన బాగుందన్నాడు. పైవాళ్ళ సర్క్యులర్‌లో అలా లేదన్నాడు. రెండూ ఒకే ఊపిరిలో అన్నాడు.

ఇంకొకటి ఎవరూ గమనించినట్టు లేదు. నాగరిక్ సురక్షా సంహిత 176వ సెక్షన్ ప్రకారం ఏడేళ్ళు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి రావాల్సిందే. మంచి నియమం. మరి దొంగతనానికి? మామూలు దొంగతనానికి మూడేళ్ళు. కరెంటు తీగలూ సామగ్రీ దొంగతనానికి 2003 విద్యుత్ చట్టం కిందా మూడేళ్ళే. అంటే ఈ రైతు పొలానికి క్లూస్ టీం రావాలన్న నియమం లేదు. తీరిక ఉంటే వస్తారు, ఉండదు. పల్లెటూరి జీవితాన్ని అతలాకుతలం చేసే నేరాలు చాలావరకు ఈ గీతకి దిగువనే ఉంటాయి. మోటార్లు, గొర్రెలు, ట్రాన్స్‌ఫార్మర్లు, చిల్లర దొంగతనాలు. అక్కడికి ఏ నిపుణుడూ రాడు. రైటర్ వస్తాడు, వెంట పానాని మిఠాయి డబ్బాలో కదలకుండా కట్టడం తెలిసిన ఒక ఎమ్మెస్సీ అమ్మాయి వస్తే ఆ మూట ల్యాబుకి నిఖార్సుగా చేరుతుంది. విద్యార్థుల అవసరం హత్య కేసుల్లో కాదు, ఇక్కడ. ఫొటోకి బాగోదు, అంతే.

జిడ్డు పానా మీద ముద్ర దొరుకుతుందని ఆమెకీ పెద్ద ఆశ లేదు. "నూనె మీద పౌడర్ పట్టదు సార్, వేరే పద్ధతులున్నయి, ల్యాబోళ్ళకు ఓపిక ఉంటే" అంది. రైతుకి ఎఫ్‌ఐఆర్ నకలు సాయంత్రానికి చేతికొచ్చింది. దాన్ని మడిచి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బనీను లోపలి జేబులో దోపుకుని కరెంటాఫీసుకి వెళ్ళిపోయాడు. థాంక్స్ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి?

విద్యార్థులు ఆ రోజు ఏం చేశారో రాయడానికి స్టేషన్‌లో ఒక రిజిస్టర్ పెట్టారు. తేదీ, పేరు, గంటలు, నేర్చుకున్న అంశం, రిమార్కులు. అందరి పేర్ల ఎదురుగా రోజూ నాలుగు గంటలు. ముప్ఫై రోజులకి 120 రావాలి గదా. నేర్చుకున్న అంశం దగ్గర ఎక్కువగా ట్రాఫిక్ అవగాహన, సైబర్ అవగాహన. ఆ సాయంత్రం అమ్మాయి పొలంలో రాసిన పంచనామా ముసాయిదాని ముందేసుకుని రైటర్ ఎర్ర పెన్నుతో తప్పులు గుర్తుపెట్టాడు. ఆరు. ఉత్తరం దిక్కు రెండుచోట్ల తప్పింది. ఆయిల్ ఎంత మేర పారిందో రాయలేదు. బీడీ ముక్కలు స్తంభానికి ఏ వైపో రాయలేదు. పంచు తండ్రి పేరు లేదు. ఐదూ ఆమె ఒప్పుకుని దిద్దింది. ఆరోది బండ్లబాట నుంచి గద్దెకి దూరం. రైటర్ అంగలు వేసి లెక్కగట్టి అరవై అడుగులన్నాడు. ఆమె 71 అని రాసింది.

"సుమారు అరవై అను, ఏం పోయింది?"

"టేపుతో కొలిచిన సార్. ఫొటో కూడా ఉన్నది. సుమారు ఎందుకు?"

కాసేపు వాదించుకున్నారు. ఆయన తన అంగ రెండున్నర అడుగులన్నాడు. ఆమె లేదు సార్, మీరు గట్టు దిగినకాడ లెక్క తప్పినరంది. ఫోన్లో వీడియో తెరిచి చూపించింది. ఆయన కళ్ళజోడు తీసి, ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని, రెండుసార్లు చూశాడు. తర్వాత రిజిస్టర్ లాక్కుని రిమార్కుల గడిలో తన గుండ్రటి చేతిరాతతో రాశాడు: పంచనామా వ్రాసినది. తప్పులు ఆరు. దిద్దినవి ఐదు. ఆరవది దిద్దనన్నది, టేపు చూపినది, అట్లనే ఉంచనైనది.

దానికింద ఎస్‌ఐ గారి పొట్టి సంతకం ఉంది. చదివి పెట్టినట్టు లేదు.